తెర మీది నల్లమలలో ఊళ్ళు లేవు

దేవుడొచ్చాడు, అన్నలొచ్చారు, ఫ్యాక్షన్ నాయకులొచ్చారు, పులి వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, దోర్నాల జనం మాత్రం తమ కథతో ఇంకా తెర మీదికి రాలేదు.

1943లో నల్లమల చెంచుల గురించి రెండు పనులు జరిగాయి. లండన్‌లో మాక్మిలన్ ప్రచురణ సంస్థ వాళ్ళ మీద ఒక పెద్ద పుస్తకం వేసింది. రాసినవాడు క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. కృష్ణకు ఉత్తరపు ఒడ్డున, అప్పటి నిజాం ఏలుబడిలో ఉన్న అమ్రాబాదు పీఠభూమి మీద చెంచు పెంటల్లో, అంటే వాళ్ళ గూడేల్లో, బస చేశాడు. వాళ్ళు ఏ గడ్డలు తవ్వుకుంటారో, తేనె ఎలా తీస్తారో, ఏ ఇంటివాళ్ళు ఏ ఇంటివాళ్ళతో వియ్యమందుతారో దగ్గరుండి చూసి రాశాడు. అదే ఏడాది ‘చెంచులక్ష్మి’ తెలుగు సినిమా విడుదలైంది. దర్శకుడు ఎస్. సౌందరరాజన్, చెంచిత వేషం కమలా కోట్నీస్‌ది.

పుస్తకం విశ్వవిద్యాలయాల అలమరాల్లోకి వెళ్ళింది. కథ ఊళ్ళలోకి వెళ్ళింది. 1958లో బి.ఎ. సుబ్బారావు దాన్నే మళ్ళీ తీశారు. అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు, హిరణ్యకశిపుడిగా ఎస్.వి. రంగారావు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. చెట్లెక్కడం, కొమ్మలు పట్టి ఊగడం వచ్చా అని చెంచు పిల్ల నరహరికి పరీక్ష పెట్టే యుగళగీతం ఈనాటికీ పెళ్ళి పందిళ్ళలో, రేడియోలో, ఆటోల్లో వినిపిస్తూనే ఉంది. ఒక అడవి పిల్ల దేవుణ్ణి నిలబెట్టి నీకేం పని వచ్చని అడిగే ఆ సన్నివేశం తెలుగు సినిమాలో దొరికే గొప్ప సన్నివేశాల్లో ఒకటని నేననుకుంటాను. ఆ పాటంటే నాకు ప్రాణం. అందుకే అది చేసిన మేలేదో, కీడేదో విడదీసి చూడాలనిపిస్తుంది.

బడి వార్షికోత్సవంలో చిన్నపిల్లకు చెంచు వేషం కట్టమంటే తల్లులు ఏం చేస్తారు? ఆకులు కుట్టిన లంగా, తలకు ఈకల పట్టీ, మెడనిండా పూసలు, చేతిలో విల్లు. మార్కాపురం బడుల్లోనూ ఇదే వేషం. అక్కడికి కొంత దూరంలోనే, దోర్నాల సంతకు చీపుర్లూ తేనే తెచ్చి అమ్ముకునే చెంచు స్త్రీ అందరిలాగే చీర రవికెలో ఉంటుంది. హైమన్‌డార్ఫ్ తిరిగిన రోజుల్లోనూ ఆడవాళ్ళు కట్టింది సంతలో కొన్న నూలు చీరే. కళ్ళెదుట కనబడే మనిషిని కాదని తెర మీది మనిషిని నమ్మడం ఎంత తేలికో ఈ ఒక్క వేషంలో తెలుస్తుంది.

ఇలా జరగడం మన దగ్గరే కాదు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ కెనడా ఉత్తరపు మంచు సీమలో ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ తీశాడు. అందులో వేటగాడి అసలు పేరు అల్లకరియల్లక్. అప్పటికే వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. కెమెరా ముందు మాత్రం పాతకాలపు ఈటెలతో వేటాడమన్నాడు దర్శకుడు. ఆ సినిమా ప్రపంచమంతా ఆడింది. ఇనూయిట్‌లంటే ఈటె పట్టుకున్నవాళ్ళేనన్న నమ్మకం ఎన్నో తరాలు నిలిచింది. ఫ్లాహర్టీకి వాళ్ళ మీద ప్రేమ లేదనలేం. మన సుబ్బారావుగారికీ చెంచుల మీద చిన్నచూపు ఉందనలేం. ప్రేమతో తీసినా, చూసే చోటు దూరమైతే బొమ్మ అలాగే వస్తుంది.

చెంచులక్ష్మి కథలో వేషం కన్నా లోతైన మార్పు ఇంకొకటి జరిగింది. అహోబిలం చుట్టుపక్కల, అంటే గిద్దలూరు నుంచి నల్లమల దాటితే అవతలి వైపున, ఈ కథకు వందల ఏళ్ళ వయసుంది. ఓబయమంత్రి ‘గరుడాచలము’ యక్షగానం ఈ కథ మీదే. పల్లెల్లో ఆడిన చెంచు నాటకాలూ ఈ కథ మీదే. వాటిలో ఆదిలక్ష్మి వేరు, చెంచిత వేరు. నరసింహుడు అడవిలో మనసుపడి రెండో పెళ్ళి చేసుకున్నాడు. సవతులిద్దరూ మాటకు మాట అనుకుంటారు. ఆ వాదంలో చెంచు పిల్ల నోరు చిన్నదేమీ కాదు. జనం రాత్రంతా కూర్చుని విన్నది ఆ జవాబుల కోసమే. సినిమాకు వచ్చేసరికి అంజలీదేవే లక్ష్మి, అంజలీదేవే చెంచిత. లక్ష్మీదేవే చెంచు నాయకుడి ఇంట పుట్టింది కాబట్టి దేవుడు చెంచు పిల్లను పెళ్ళాడినట్టు కాదు, తన భార్యనే మళ్ళీ పెళ్ళాడినట్టు. సవతి పోరు పోయింది. దాంతోపాటు, దేవుడు మనుషుల్లోకి దిగి ఒక అడవి ఇంటికి అల్లుడయ్యాడన్న గట్టి మాట కూడా పలచబడింది.

చెంచులు మాత్రం ఆ మాట వదల్లేదు. అహోబిలం నరసింహుడు వాళ్ళింటి అల్లుడు. శ్రీశైలం మల్లన్న చెంచు మల్లయ్య. ఏటా కనుమనాడు మొదలయ్యే అహోబిలం పారువేటలో స్వామి పల్లకీ దాదాపు 40 రోజులపాటు 30కి పైగా ఊళ్ళు తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్ళికి జనాన్ని స్వామే స్వయంగా పిలవడానికి వస్తాడని నమ్మకం. పల్లకీ దగ్గర చెంచులు విల్లంబులతో నిలబడతారు. గుడిలో వాళ్ళకున్న చోటు ఒక కథ వల్ల నిలిచింది. ఏ దానపత్రమూ, ఏ ప్రభుత్వ ఉత్తర్వూ ఇవ్వని గౌరవాన్ని ఒక కథ ఇన్ని వందల ఏళ్ళు కాపాడిందంటే, కల్పనకు ఎంత బలముందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

కానీ అల్లుడి గుడికి ఘాట్ రోడ్డు ఉంది, అత్తవారి గూడెంలో చాలా చోట్ల దారే లేదు. 1975లో చెంచుల్ని ఆదిమ తెగగా గుర్తించారు. తర్వాత శ్రీశైలం కేంద్రంగా వాళ్ళ కోసం ప్రత్యేక గిరిజనాభివృద్ధి సంస్థ పెట్టారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద చెంచులు 64 వేల పైచిలుకు. యర్రగొండపాలెం మండలంలో పాలుట్ల లాంటి గూడేలు అడవి లోలోపల ఉన్నాయి. జబ్బు చేసిన మనిషిని అక్కణ్ణించి ఆస్పత్రికి చేర్చడం ఈనాటికీ పెద్ద ప్రయాణమే. చెంచులక్ష్మి పేరు తెలియని తెలుగువాడు లేడు. పాలుట్ల పేరు తెలిసినవాళ్ళు ఈ ప్రాంతంలోనే కొద్దిమంది.

ఎందుకిలా? నాకు తోచిన కారణం ఇది. సినిమా నల్లమలను దోర్నాల, శ్రీశైలం దారి మీద నుంచి చూసింది. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. వందల ఏళ్ళుగా యాత్రికులు ఈ దారినే పోయారు. బస్సు కిటికీలోంచి కనిపించేది చెట్లు, లోయలు, కోతులు, మలుపులు. దారిన పోయేవాడికి అడవి ఒక ప్రమాదంగానో పుణ్యంగానో కనబడుతుంది. అక్కడే పుట్టి, అక్కడే గొర్రెలు కాసి, అక్కడే చచ్చేవాడికి అది ఇల్లు. తెలుగు సినిమా దాదాపుగా మొదటి చూపుతోనే నల్లమలను చూసింది. దేవుళ్ళు పోయి తుపాకులొచ్చినా ఆ చూపు మారలేదు.

తుపాకుల సంగతీ చెప్పుకోవాలి. 1990లలో ఎర్ర సినిమాలు ఒక ఊపు ఊపాయి. ఆర్. నారాయణమూర్తి ‘ఎర్రసైన్యం’ 1994లో, దాసరి నారాయణరావు ‘ఒసేయ్ రాములమ్మ’ 1997లో వచ్చాయి. ఆ పాటలు ఊరి మైకుల్లో మోగాయి. అంతకు ముందే ప్రకాశం జిల్లా తూర్పు వైపు నుంచి, ప్రజానాట్యమండలి పాటల్లో పెరిగిన మాదాల రంగారావు ‘యువతరం కదిలింది’, ‘ఎర్రమల్లెలు’ తీశారు. టి. కృష్ణ ‘నేటి భారతం’, ‘ప్రతిఘటన’ తీశారు. ఒంగోలు ప్రాంతపు నాటక సమాజాలు తెలుగు సినిమాకు ఇచ్చిన కోపం అది. ఆ కోపం నిజాయితీ గలది. బీదవాడు హీరో కావచ్చని, రాజకీయ నాయకుణ్ణి పేరు పెట్టి నిలదీయవచ్చని ఆ సినిమాలు ఒక తరానికి నేర్పాయి. సంఘాలు పెట్టిన కుర్రాళ్ళు, పాటలు కట్టిన కుర్రాళ్ళు ఆ హాళ్ళలోంచే బయటికొచ్చారు.

అయితే ఎర్ర సినిమా అడవి ఒక స్థావరం మాత్రమే. అన్నలు అక్కణ్ణించి దిగుతారు, పని చేసి మళ్ళీ అక్కడికే పోతారు. 2004 అక్టోబరులో సినిమా నిజంగానే మన కళ్ళ ముందు జరిగినట్టయింది. ప్రభుత్వంతో శాంతి చర్చల కోసం మావోయిస్టు నాయకుడు రామకృష్ణ, సహచరులు నల్లమలలోంచి చిన్నారుట్ల దగ్గర బయటికొచ్చారు. అప్పటి ప్రకాశం జిల్లాలో మామూలు రోజుల్లో ఎవరూ అడగని చెంచు గూడెం అది. చర్చలు జరిగిన ఆ నాలుగు రోజులూ దాని పేరు దేశమంతటా మోగింది. కెమెరాలు అన్నల తుపాకుల మీద, టోపీల మీద నిలిచాయి. చర్చలు చెడిపోయాయి. 2006 జూలైలో రాష్ట్ర కార్యదర్శి మాధవ్ ఇదే నల్లమలలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. కెమెరాలు వెళ్ళిపోయాయి. ఈ కాలమంతా పగలు పోలీసులకు, రాత్రి దళానికి జవాబు చెప్పుకుంటూ మధ్యలో నలిగిన గూడేల మనుషులేమయ్యారో ఏ సినిమా అడగలేదు. చిన్నారుట్ల వైపు నుంచి చూస్తే ఆ పది పదిహేనేళ్ళు ఎలా ఉన్నాయో చెప్పే నవల ఇప్పటికైనా రావాలి. అది రాయగలిగినవాళ్ళు ఆ గూడేల్లో చదువుకున్న పిల్లలే.

ఇక ఫ్యాక్షన్ సినిమాలు. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లా మారింది గానీ మాట మారలేదు, వాన మారలేదు. గిద్దలూరు, కొమరోలు, బేస్తవారిపేట మాట ఇప్పటికీ కర్నూలు, కడప మాటకు దగ్గరే.

1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’: ఫ్యాక్షన్ సినిమాలు వరసగా వచ్చాయి. ఈ ఆరేడేళ్ళలో రాయలసీమ మాట తెలుగు ప్రేక్షకుడి చెవికి ప్రతినాయకుడి మాటగా స్థిరపడిపోయింది. ‘ప్రేమించుకుందాం రా’లో ఆ మాటకు ప్రాణం పోసిన జయప్రకాశ్‌రెడ్డి సిరివెళ్ళ ప్రాంతపువాడు, బడిపంతులు, నాటకాలంటే పడిచచ్చిన మనిషి. అంత నిజమైన యాసను తెర మీద ఆయనకు ముందు ఎవరూ పలకలేదు. యాస నిజమే, గొంతు నిజమే. ఆ గొంతుకు రాసిచ్చిన మాటలు మాత్రం నరకడం, చంపడం చుట్టూనే తిరిగాయి. ఆయన తప్పేం లేదు. అదే యాసలో ఒక రైతు, ఒక నర్సు, ఒక బస్సు కండక్టరు మాట్లాడే పాత్రలు రాసి ఉంటే ఆయన గొప్పగా చేసేవాడు.

హైదరాబాదులో, గుంటూరులో కాలేజీల్లో చేరిన గిద్దలూరు కుర్రాళ్ళు తొలి వారంలోనే నాలుక సవరించుకోవడం నేను చూశాను. “మీది సీమా? బాంబులున్నాయా?” అన్న పరాచికం భరించలేక మాట మార్చేవాళ్ళు కొందరు. కాలరెగరేసి దాన్నే గొప్పగా చెప్పుకునేవాళ్ళు కొందరు. రెండోవాళ్ళ గురించే నాకు ఎక్కువ దిగులు. సినిమా ఇచ్చిన పౌరుషాన్ని తమదనుకుని, తాతలు ఎలా బతికారో అడగడం మానేశారు.

ఈ ప్రాంతానికి ఇంకో అన్యాయమూ జరిగింది. 2014లో రాష్ట్రం విడిపోయాక వెనకబడిన జిల్లాలకంటూ కేంద్రం ఇచ్చిన సాయం సీమలోని నాలుగు జిల్లాలకు, ఉత్తరాంధ్రలోని మూడింటికి వెళ్ళింది. ప్రకాశం ఆ ఏడింటిలో లేదు. జిల్లా సముద్రం ఒడ్డున ఉన్నట్టు లెక్క. మార్కాపురం వాడికి సముద్రం ఎంత దూరమో, కృష్ణ నీళ్ళు ఎంత దూరమో ఆ లెక్కకు అక్కర్లేదు. సాయం అడిగితే కోస్తా, కత్తి చూపించాలంటే సీమ. ఒక ప్రాంతం గురించి జనానికి తెలిసినదంతా సినిమా నుంచే వచ్చినప్పుడు, ఆ ప్రాంతపు అసలు కరువు గురించి పైవాడికి చెప్పి ఒప్పించడం చాలా కష్టమవుతుంది.

దారిన పోయేవాడి చూపు నుంచి ఈ అడవిని మొదటిసారి తప్పించింది ఒక నవల. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. 2019లో తానా నవలల పోటీలో బహుమతి అందుకుంది. రచయితది కడప జిల్లా కలసపాడు మండలం బాలరాజుపల్లె. మ్యాపులో చూడండి, అది గిద్దలూరుకు పక్కిల్లు. కరువొచ్చి మేత, నీళ్ళు లేనప్పుడు పల్లెల్లో జీవాలున్నవాళ్ళు మందల్ని కలుపుకుని నల్లమల ఎక్కడం కొండపొలం. గిద్దలూరు, రాచర్ల, అర్ధవీడు పల్లెల్లోనూ గొర్రెలున్న ఇళ్ళకు ఇది తెలిసిన సంగతే. బియ్యం, ఉప్పు, కారం, చద్దిమూటలు కట్టుకుని వారాల తరబడి లోపలే ఉంటారు. రాత్రి మంద చుట్టూ మంటలు. చిరుతకో పులికో గొర్రె పోతుంది. దొంగ కలప వాళ్ళు ఎదురవుతారు. అటవీశాఖ వాళ్ళతో పేచీ. వర్షం పడిందన్న కబురు వస్తే గానీ దిగరు.

ఆ నవల గొప్పతనం పులిలో లేదు. ఇంజనీరింగు చదివి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చిన రవి అనే కుర్రవాడు తండ్రి వెంట మందతో కొండెక్కుతాడు. చదువు రాని కాపరులకు ఎంత తెలుసో అక్కడ చూస్తాడు. ఏ చెట్టు ఆకు గొర్రెకు పడుతుంది, ఏ వాగులో ఏ నెలలో ఊట ఉంటుంది, ఏ పిట్ట కూస్తే ఏ మృగం కదులుతోంది. దాన్ని ఆయన పాఠంలా చెప్పలేదు, నడిపించి చూపించారు. పశ్చిమ ప్రకాశం, కడప, కర్నూలు సరిహద్దు పల్లెల బతుకు తెలుగు సాహిత్యంలో ఇంత దగ్గరగా ఎప్పుడూ కనబడలేదు.

రెండేళ్ళకు, 2021 అక్టోబరు 8న దర్శకుడు క్రిష్ ఆ నవలను సినిమాగా తెచ్చారు. వైష్ణవ్ తేజ్, రకుల్‌ప్రీత్ సింగ్, తండ్రిగా సాయిచంద్, తాతగా కోట శ్రీనివాసరావు, కీరవాణి సంగీతం. ఆ సినిమా చేసిన మంచి పనిని ముందు చెప్పాలి. పెద్ద నిర్మాణంలో, పెద్ద ఇంటి కుర్రవాడు కథానాయకుడిగా, అతని పేరు కటారు రవీంద్ర యాదవ్. గొర్రెలు కాసే ఇంటి కొడుకు, ఆ ఇంటి పేరుతో. మన సినిమాల్లో హీరో ఇంటిపేరు వెనక ఏ కులాలు నిలబడ్డాయో తలచుకుంటే ఇది చిన్న అడుగేమీ కాదు. తాత, తండ్రి పాత్రల్లో మాట, మర్యాద నిజంగా ఉన్నాయి.

కానీ తెర మీదికి ఎక్కేటప్పుడు నవల కొన్ని చోట్ల బరువు తగ్గించుకుంది. నవలలో లేని ఓబులమ్మ వచ్చింది, ఆమెతో ప్రేమకథ వచ్చింది. అడవి నల్లమల కాదు. చిత్రీకరణ జరిగింది వికారాబాదు అడవుల్లో. కరోనా కాలం, దానికితోడు పులుల అభయారణ్యంలోకి ఒక సినిమా బృందం పోవడం అయ్యే పని కాదు. అందుకు తప్పుపట్టను. నన్ను బాధపెట్టింది వేరే. నవలలో కొండ ఎక్కడానికి కారణం కరువు, ఆ కరువు పుస్తకమంతా వెంటాడుతుంది. సినిమాలో అది తొలి సన్నివేశాల్లో ఒక కారణంగా కనబడి, పులితో పోరాటం పెద్దదయ్యాక పక్కకు తప్పుకుంటుంది. కుర్రవాడి భయం పోతుంది, అతను అటవీ అధికారి అవుతాడు. అతని విజయానికి చప్పట్లు కొట్టాం. అతని తండ్రి మందకు వచ్చే ఏడాది మేత ఎక్కడ?

ఆ ప్రశ్న వెనక చాలా చరిత్ర ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించి, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి తెచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు, పులుల అభయారణ్యాల్లో దేశంలోనే పెద్దది. పులి బతకాలి, అందులో రెండో మాట లేదు. ఈ అడవిలో పులి ఇంకా ఉందంటే బేస్‌క్యాంపుల్లో కాపలా కాసే చెంచు కుర్రాళ్ళ కళ్ళూ కాళ్ళూ కారణం. కానీ మనుషుల్లేని అడవే మంచి అడవి అన్న ఊహ ఒకటి పట్నవాసుల్లో బలపడింది. టీవీలో చూసే జంతువుల చిత్రాల్లో కెమెరా పక్కన ఎప్పుడూ ఒక గూడెం ఉండదు, ఒక మంద ఉండదు. ఆ బొమ్మలు చూసి పెరిగినవాడు అధికారి అయినా, న్యాయమూర్తి అయినా, విలేకరి అయినా, అడవిలో గొర్రె కనబడితే దాన్ని ఆక్రమణగానే చూస్తాడు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా గూడేలవాళ్ళు తమ హక్కును మళ్ళీమళ్ళీ రుజువు చేసుకోవలసి రావడంలో ఈ ఊహకు వాటా ఉంది.

2024 ఫిబ్రవరిలో ‘ఊరు పేరు భైరవకోన’ సినిమా వచ్చింది. గరుడ పురాణంలో పోయిన పేజీలు, చనిపోయినవాళ్ళు తిరిగే ఊరు. సరదాగా చూడవచ్చు. అసలు భైరవకోన చంద్రశేఖరపురం మండలంలో, కొండను తొలిచి కట్టిన ఎనిమిది శివాలయాల చోటు, పక్కనే సెలయేరు, పైన జలపాతం. వెయ్యేళ్ళకు పైబడిన ఆ ఉలిపని గురించి ఒక మంచి డాక్యుమెంటరీ తీస్తే పిల్లలకు అది దెయ్యాల ఊరు కాదని తెలుస్తుంది.

ఇంతకీ పశ్చిమ ప్రకాశంలో జనం రోజూ మాట్లాడుకునే కథ నీళ్ళ కథ. కంభం చెరువును వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడ పెద్దవాళ్ళు చెబుతారు. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్ట వేసిన ఆ చెరువు ఐదు వందల ఏళ్ళుగా నిలబడి ఉంది. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. రాణి పేరు మీద ఎన్ని కథలున్నాయో, ఆ కట్ట వేసిన కూలీల మీద ఎన్ని ఉన్నాయో పోగుచేస్తే ఒక పుస్తకమవుతుంది.

ఈ కాలపు వరదరాజమ్మ కథ పేరు వెలిగొండ. ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ప్రాజెక్టు. 1996లో గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలకు ఆనకట్టలు కట్టి నీళ్ళు నిలపాలి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో నాలుగున్నర లక్షల ఎకరాలకు దగ్గరగా పారాలి. 2024 మార్చిలో సొరంగాల్ని జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన రోజున పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ బిడ్డ ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగింది. కనిగిరి, మార్కాపురం వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళకే మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, పళ్ళ మీద గోధుమరంగు గారలున్న పిల్లలు ఉన్నారు. పంట లేనప్పుడు గుంటూరు మిరప కోతకు, హైదరాబాదు తాపీ పనికి పోయిన కుటుంబాలున్నాయి. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకల్లో చాలావరకు ఈ మార్కాపురం గనుల్లో తవ్వి, కోసి, చట్రం బిగించి పంపినవే. ఆ పలకల దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులున్నాయి. ఇందులో ఏ ఒక్కటి కథానాయకుడి నేపథ్యంగానైనా ఏ పెద్ద సినిమాలో కనబడింది?

సినిమా వస్తే నీళ్ళొస్తాయని నేననను. కానీ తమిళ సినిమా ‘జై భీమ్’ చూశాక ఇరులర్ గిరిజనుల గురించి తమిళనాడు బయట కూడా మాట్లాడుకున్నారు. అదీ ఒక సినిమాయే. సినిమా జనం దృష్టిని ఒక చోట నిలబెట్టగలదు. నల్లమల విషయంలో ఆ శక్తిని ఇప్పటిదాకా దేవుడి పెళ్ళికి, దళం తుపాకికి, నాయకుడి కత్తికి, పులి పంజాకు ఖర్చుపెట్టాం.

వెలిగొండ జలాశయం నిండితే మునిగే ఊళ్ళలో సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల, గుండంచెర్ల, చింతలముడిపి ఉన్నాయి. నీళ్ళ కోసం మిగతా ప్రాంతమంతా ఎదురుచూస్తుంటే, అవే నీళ్ళకు ఇళ్ళు వదలవలసిన మనుషులు వీళ్ళు. పరిహారం కోసం, ఇంటి స్థలం కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. వలస పోయిన కొడుకు, ఊరు వదలనన్న తల్లి, పొలిమేరలో గ్రామదేవతను ఎక్కడికి తీసుకుపోవాలన్న తగవు, ఏ ఇంటికి ఎంత లెక్క కట్టారన్న అనుమానం, పక్క మండలంలో నీళ్ళొస్తాయని పండగ చేసుకునే చుట్టం. ఒక పెద్ద నవలకు, ఒక మంచి సినిమాకు కావలసినదంతా అక్కడుంది. మార్కాపురం కాలేజీల్లో తెలుగు, పాత్రికేయం చదువుతున్న పిల్లలకు ఆ ఊళ్ళు బస్సు దూరంలో ఉన్నాయి. చేతిలో ఫోను ఉంది, రికార్డు చేసుకోవచ్చు. గుడి పూజారినీ, పాల కేంద్రం నడిపేవాణ్ణీ, తండాలో పెద్దమ్మనూ కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్నలు వందలున్నాయి. పునరావాస కాలనీలకు చెదిరిపోయాక వాళ్ళను వెతుక్కుంటూ ఇన్ని చోట్లకు ఎవరూ తిరగలేరు. పని ఈ వేసవిలోనే మొదలవ్వాలి.